చర్చికి కొత్తగా వచ్చినవారిని ఎలా చేర్చుకోవాలి?

"అందరూ ఆహ్వానితులే" అనే మాట చాలా చర్చిల బోర్డుల మీద కనిపిస్తుంది. అయినా ఒక్క ఆదివారం వచ్చి, మళ్ళీ కనిపించకుండా పోయినవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాక్యం, అంటే ప్రసంగం, రుచించక మానేశారని మనం సరిపెట్టుకుంటాం. చాలాసార్లు కారణం అంత పెద్దది కాదు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఎవరో అడగకూడని ప్రశ్న అడిగారు. అందరి ముందు లేచి నిలబడమన్నారు. మర్నాటి నుంచే ఫోన్లు మొదలయ్యాయి. ఇవన్నీ మనం సరిచేయగలిగినవే. సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యౌవనస్తుల కూటం వారు మనసు పెడితే నెల రోజుల్లో మార్పు కనిపిస్తుంది.

కింద చెప్పే పనులన్నింటి వెనుక ఉన్న మాట ఒక్కటే: వచ్చినవారి నుంచి ఏమీ ఆశించకుండా వారికి చోటు ఇవ్వాలి. పేరు, కులం, కానుక, సాక్ష్యం (దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు చెప్పడం), మళ్ళీ వస్తామన్న మాట, వీటిలో ఏదీ ఆ చోటుకు వెల కాకూడదు.

ముందు, వచ్చేవారు ఎవరో గమనించండి

కొత్తవారు అనగానే ఇంకా ప్రభువును ఎరుగనివారే మనకు గుర్తొస్తారు. నిజానికి గేటు దాటి లోపలికి వచ్చేవారు చాలా రకాలు. ఉద్యోగం మీదో పిల్లల చదువు కోసమో ఊరు మారిన క్రైస్తవ కుటుంబాలు కొన్ని. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘంలో పెరిగినవారు, గుంటూరు లూథరన్లు, మెదక్, దోర్నకల్ ప్రాంతాల సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు హైదరాబాదు శివార్లలో ఒకే వీధిలో అద్దెకుంటూ, దగ్గరున్న చర్చికి వస్తారు. వీరికి దేవుడు కొత్త కాదు, మన పద్ధతి కొత్త. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తే ప్రార్థన చేయించుకుందామని వచ్చే హిందువులు, ముస్లింలు ఉంటారు. గుణదల మేరీమాత ఉత్సవాలకూ, క్రిస్మస్ నాడు మెదక్ చర్చికీ మతంతో సంబంధం లేకుండా జనం వెళ్తారు కదా, ఆ చనువుతోనే మీ వీధి చివరి మందిరంలోకీ వస్తారు. భవన నిర్మాణ పనుల మీద జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలలో క్రైస్తవులు ఉంటారు. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ యువతీయువకులు చదువుకో ఉద్యోగానికో వస్తారు.

చిన్నప్పుడు సండే స్కూలుకు వచ్చి, ఏళ్ళ తరబడి దూరమై, ఏదో దెబ్బ తగిలాక తిరిగి వచ్చేవారు ఇంకొందరు. అందరికంటే బిడియంగా వచ్చేది వీరే. "ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా?" అన్న ఒక్క పలకరింపు చాలు, వారు మళ్ళీ రాకుండా పోవడానికి.

శనివారం నాడే చేయవలసిన పని

మీ మందిరాన్ని ఎన్నడూ చూడనివారిని, వీలైతే సంఘానికి చెందని స్నేహితుణ్ణో స్నేహితురాలినో, గేటు దగ్గర నుంచి లోపలికి నడిపించండి. వారు ఎక్కడ ఆగుతారో చూడండి. చెప్పులు బయట విడవాలా, లోపలికి వేసుకురావచ్చా? ఆడవారికి ఒక వైపు, మగవారికి ఒక వైపు అయితే ఆ సంగతి బయటివారికి ఎలా తెలుస్తుంది? భార్యాభర్తలు కలిసి కూర్చోవచ్చా? మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఎక్కడ? బోర్డు మీద ఆరాధన మొదలయ్యే సమయంతో పాటు ముగిసే సమయం కూడా రాయండి. మూడు గంటలు పడుతుందని తెలియక వచ్చినవారు మధ్యలో లేవలేక, కూర్చోలేక ఇబ్బంది పడతారు.

వెనుక రెండు వరుసలు ఖాళీగా ఉంచమని పాత సభ్యులకు చెప్పండి. కొత్తవారు ముందు వరుసలోకి రారు. వెనుక చోటు లేకపోతే గుమ్మం బయటే నిలబడి వెళ్ళిపోతారు. చాపల మీద కూర్చునే సంఘమైతే మోకాళ్ళ నొప్పులున్నవారి కోసం గోడ పక్కన నాలుగు కుర్చీలు వేయండి. "కొత్తవారు, పెద్దవారు కుర్చీల్లో కూర్చోవచ్చు" అని చెబితే చాలు.

పాటల పుస్తకాలు, బైబిళ్ళు పది అదనంగా గుమ్మం దగ్గర పెట్టండి. "కీర్తన సంఖ్య ఫలానా" అనగానే మనవాళ్ళు పేజీ తిప్పేస్తారు. కొత్తవారికి ఆ పుస్తకం ఏదో కూడా తెలియదు. పక్కన కూర్చున్నవారు పేజీ తీసి చేతికివ్వాలి. బైబిలు చదివేటప్పుడు గ్రంథం పేరుతో పాటు పేజీ సంఖ్య కూడా చెప్పించండి. హబక్కూకు ఎక్కడుందో తెలియక పుస్తకం తిరగేస్తూ కూర్చోవడం పెద్దవారికి చాలా నామోషీగా ఉంటుంది.

గుమ్మం దగ్గర ఎవరు ఉండాలి

పాస్టర్ గారు వద్దు. ఆరాధనకు ముందు ఆయన మనసు వాక్యం మీద ఉంటుంది. సంఘ కార్యదర్శి, కోశాధికారి కూడా వద్దు, వారిని పది మంది పది పనుల మీద పిలుస్తుంటారు. ఒక స్త్రీని, ఒక పురుషుణ్ణి ఎంచుకోండి. ఎక్కువ మాట్లాడేవారి కంటే ఎక్కువ వినేవారు మేలు. స్త్రీ ఒంటరిగా వస్తే స్త్రీయే పలకరించాలి.

మొదటి మాట మామూలుగా ఉండాలి: "రండి, కూర్చోండి." వారు "నమస్కారం" అంటే మీరూ "నమస్కారం" అనండి. "వందనాలు", "ప్రైజ్ ద లార్డ్" మన ఇంటి మాటలు. అవి అలవాటు లేనివారి నోట వెంటనే పలికించాలని చూడకండి. చేయి చాపే ముందు ఎదుటివారికి ఆ అలవాటు ఉందో లేదో చూసుకోండి. వయసులో పెద్దవారైతే అమ్మా, అయ్యా అని పిలవండి. పరిచయమైన మొదటి నిమిషంలోనే "బ్రదర్", "సిస్టర్" అంటే కొందరికి అది సభ్యత్వ కార్డు చేతిలో పెట్టినట్టే అనిపిస్తుంది.

వచ్చినవారిని వారు కోరుకున్న చోట కూర్చోబెట్టి, పక్కన ఉండడానికి ఒకరిని అప్పగించండి. ఆ ఒక్కరు ఆరాధన ముగిసేవరకు వారి పక్కనే ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పినవాటిలో ఒక్కటే చేయగలమంటే ఇదే చేయండి.

అడగకూడని ప్రశ్నలు

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మనవాళ్ళు అభిమానంతోనే అడిగే కొన్ని ప్రశ్నలు మనిషిని లోలోపల కుదిపేస్తాయి.

"మీ ఇంటి పేరు ఏమిటి?", "మీది ఏ ఊరు? ఆ ఊళ్ళో ఎవరి తాలూకు?", "మీవాళ్ళు ఏ మిషనువారు?" పైకి ఇవి పలకరింపుల్లాగే వినిపిస్తాయి. వీటితో కులం పసిగట్టవచ్చని అడిగేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. ఏ పేట, ఏ పల్లె అని తరచి తరచి అడిగినప్పుడల్లా, ఆ పేరు నుంచి దూరంగా బతుకుదామని వచ్చిన మనిషికి పాత గోడ మళ్ళీ ఎదురవుతుంది. అగ్రకులం నుంచి వచ్చినవారి విషయంలో ఇదే తప్పు ఇంకో రూపంలో జరుగుతుంది. వారి ఇంటి పేరు వినగానే ముందు కుర్చీ వేసి, మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమంటారు. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి నిలబెట్టవద్దని యాకోబు పత్రిక రెండో అధ్యాయం తేటగా చెబుతుంది. క్రిస్మస్ కూటానికి ఎమ్మెల్యే వచ్చిన రోజున ఆ అధ్యాయాన్ని మళ్ళీ చదువుకోవడం మంచిది.

"పిల్లలు లేరా?", "ఆయన రాలేదా?", "జీతం ఎంత?", "బాప్తిస్మం తీసుకున్నారా?", "రక్షణ పొందారా?" ఇవీ మొదటి రోజు అడగవలసినవి కావు. పిల్లల కోసం ఏళ్ళుగా కన్నీళ్ళు పెట్టుకుంటున్న స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ ఆ ప్రశ్న ఎక్కడా ఎదురుకాని చోటు కోసమే వచ్చి ఉండవచ్చు.

మరి ఏమి అడగాలి? "దగ్గరలోనే ఉంటారా? బస్సు దొరికిందా?" "ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగుతారా?" "చంటిబిడ్డతో కూర్చోవడానికి పక్క గదిలో ఫ్యాను ఉంది, చూపించమంటారా?" మిగతా సంగతులు వారికి చెప్పాలనిపించినప్పుడు వారే చెబుతారు.

ఆరాధన జరుగుతున్నప్పుడు

"కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అని మైకులో పిలిచే అలవాటును మానేయండి. చప్పట్లు కొట్టి, పేరు చెప్పించి, పూలు ఇవ్వడం మనకు గౌరవంగా కనిపిస్తుంది. ఎవరికీ తెలియకుండా వచ్చిన మనిషికి మాత్రం అది నడివీధిలో నిలబెట్టినట్టే. "ఈ రోజు మొదటిసారి వచ్చినవారు ఉంటే మీకు స్వాగతం, ఆరాధన తర్వాత టీ తాగి వెళ్ళండి" అని అందరినీ చూస్తూ చెబితే సరిపోతుంది.

కానుకల సంచి తిరిగే ముందు ఒక మాట చెప్పండి: "ఇది సంఘ సభ్యులు ఇచ్చే కానుక. అతిథులు ఇవ్వనవసరం లేదు." ఈ మాట ప్రతి ఆదివారం చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఆదివారం ఎవరో ఒకరికి అది మొదటి ఆదివారమే.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణ) ఉన్న రోజున ఇంకా జాగ్రత్త కావాలి. బాప్తిస్మం పొందినవారే పాలుపొందాలనేది మీ సంఘ నియమమైతే ఆ నియమాన్ని దాచకండి, గద్దింపుగానూ చెప్పకండి. రొట్టె, ద్రాక్షారసం ఏమిటో రెండు వాక్యాల్లో వివరించి, "ఇందులో పాలుపొందనివారు కూర్చొని మాతో కలిసి ప్రార్థించవచ్చు" అనండి. పక్కన కూర్చున్నవారు కూడా ఆ సమయంలో వారిని వింతగా చూడకూడదు. కొత్తవారు తెలియక చేయి చాపితే గిన్నె వెనక్కి లాక్కుని అవమానించకండి, మరో రోజు నెమ్మదిగా వివరించవచ్చు.

బొట్టు, పూలు, గాజులు, నగలు, ముసుగు, వీటి గురించి మొదటి రోజే కాదు, మొదటి ఏడాది కూడా ఎవరూ మాట్లాడకూడదని సంఘంలో గట్టిగా చెప్పండి. కొన్ని సంఘాల్లో పెద్దమ్మలు ప్రేమగానే బొట్టు తీసేయమంటారు. హిందూ కుటుంబంలో కోడలిగా ఉన్న స్త్రీకి ఆ బొట్టు ఒక్క రోజు లేకపోతే ఇంట్లో ఏమి జరుగుతుందో చెప్పినవారు చూడరు, భరించేది ఆమె.

వేదిక మీద నుంచి ఇతర దేవుళ్ళను ఎగతాళి చేసే మాట ఒక్కటి వచ్చినా పైన చేసినదంతా వృథా. కొత్తగా వచ్చిన స్త్రీ తల్లి పూజించే దేవుణ్ణి వెక్కిరించి ఆమెను ఆదరించలేం. ప్రసంగించే అతిథులకు కూడా ఈ సంగతి ముందే చెప్పండి.

ఇక కెమెరా. ఇప్పుడు చిన్న సంఘాలు కూడా ఆరాధనను యూట్యూబులో ప్రత్యక్షంగా చూపిస్తున్నాయి. వెనుక వరుసలు, ప్రార్థన కోసం ముందుకు వచ్చినవారి ముఖాలు తెర మీద పడకుండా కెమెరాను వేదిక వైపే ఉంచండి. దీనికి బలమైన కారణం ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా ఉంటుంది. క్రైస్తవ్యంలోకి మారిన ఎస్సీలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సీలో, అంటే వెనుకబడిన తరగతుల్లోని సి గ్రూపులో, లెక్కిస్తారు. ఆరాధనకు వచ్చి కూర్చున్నంత మాత్రాన ఎవరూ మతం మారినట్టు కాదు. అయినా ఒక ఫొటో చేతికి చిక్కితే ఎవరో ఫిర్యాదు చేస్తారని, బిడ్డ సీటుకో ఉద్యోగానికో ముప్పు వస్తుందని భయపడేవారు మన మధ్య కూర్చుంటారు. ఇంట్లో తెలిస్తే గొడవ అవుతుందని భయపడేవారూ ఉంటారు. అడగకుండా ఫొటో తీయవద్దు, తీసినా వాట్సాప్‌లో పెట్టవద్దు.

ప్రార్థన కోరితే

"ఏ విషయం గురించి ప్రార్థించమంటారు?" అని అడిగి, వారు చెప్పినంత వరకే ప్రార్థించండి. తల మీద చేయి పెట్టే ముందు అనుమతి అడగండి. స్త్రీలకు స్త్రీలే చేతులుంచాలి. మందులు మానేయమని ఎవరూ, ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకూడదు. అవసరమైతే మీలో ఒకరు తోడుగా ఆసుపత్రికి వెళ్ళండి. వారు చెప్పుకున్న కష్టం ఉపవాస ప్రార్థనలో పది మంది నోట నలగకూడదు. స్వస్థత కలిగితే సంతోషించండి, సాక్ష్యం చెప్పమని వెంటపడకండి.

కలిసి తినండి

మన దేశంలో ఎవరితో కలిసి తింటామన్నదే అసలు పరీక్ష. సిక్కు కుటుంబంలో పుట్టి క్రీస్తును వెంబడించిన బఖ్త్ సింగ్ గారు నడిపించిన హైదరాబాదు హెబ్రోను మందిరంలో ఆరాధన తర్వాత ప్రేమ విందు ఉండేది. నేల మీద వరుసల్లో కూర్చొని అందరూ ఒకే వంట తినేవారు. అంత పెద్ద విందు మీరు ప్రతి వారం పెట్టలేకపోవచ్చు. నెలకు ఒకసారి అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు చాలు. మాంసం వండినా శాకాహారం వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో ఉంచండి, ఏది ఏమిటో ముందే చెప్పండి. ఏమి కలిసిందో తెలియక ఆకలితో కూర్చున్నవారిని "తినండి, ఏమీ కాదు" అని బలవంతపెట్టవద్దు. ఇంటికి వెళ్ళి తింటామన్నా నొచ్చుకోవద్దు.

వడ్డించేవారిని మార్చుతూ ఉండండి. ఎప్పుడూ ఒకే కుటుంబాలవారు వడ్డిస్తూ, ఒకే కుటుంబాలవారు ఎంగిలి ఆకులు ఎత్తుతూ ఉంటే సంఘంలో ఇంకా ఏమి మిగిలి ఉందో కొత్తవారికి ఇట్టే అర్థమవుతుంది. పెద్దలు చివరి బంతిలో తినాలి. కొత్తవారి పక్కన కూర్చున్నవారు సంఘ రాజకీయాలు మాట్లాడకుండా ఉంటే భోజనం ఇంకా బాగుంటుంది.

సహాయం చేసేటప్పుడు

వచ్చినవారిలో కష్టంలో ఉన్నవారికి బియ్యం, ఫీజు, మందుల ఖర్చు ఇవ్వవలసి వస్తుంది, ఇవ్వండి. ఆ సహాయానికీ ఆదివారం హాజరుకూ ముడి పెట్టవద్దు. మన సంఘ చరిత్రలోనే ఇందుకు గొప్ప ఉదాహరణ ఉంది. 1876-78 కరవులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పనిని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కాలంలో బాప్తిస్మం కావాలని అడిగినవారు ఎందరో. తిండి కోసం ఎవరూ రాకూడదని ఆయన కరవు గట్టెక్కేవరకు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇప్పటికీ ఆ సంఖ్యనే మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన పట్టిన ఓపికను కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలి, ఈ రోజు మన సహాయ నిధిని నడపవలసింది ఆ ఓపికతోనే.

వారం మధ్యలో

ఫోను నంబరు ఇస్తేనే తీసుకోండి. బుధ, గురువారాల్లో ఒకే ఒక్కరు, ఆదివారం పక్కన కూర్చున్నవారే, ఒకసారి ఫోను చేసి క్షేమం అడగాలి. నలుగురు చేస్తే వసూలుకు వచ్చినట్టు ఉంటుంది. సంఘం వాట్సాప్ గ్రూపులో అడగకుండా చేర్చవద్దు.

ఇంటికి వెళ్ళే ముందు "రావచ్చా?" అని తప్పక అడగండి. బైబిళ్ళు చేతబట్టుకొని మూడు బండ్ల మీద ఆరుగురు పెద్దలు వెళ్ళి గుమ్మం ముందు దిగితే వీధంతా చూస్తుంది. కాసేపటికి మీరు వచ్చేస్తారు, ఆ వీధిలో ఉండవలసింది వారు. రెండో ఆదివారం రాకపోతే కారణం అడగవద్దు. మూడు నెలల తర్వాత వచ్చినా మొదటి రోజులాగే "రండి, కూర్చోండి" అనండి.

తెలుగు రానివారు వస్తే

దోర్నకల్ మొదటి బిషప్ వి.ఎస్. అజరయ్య గారు తమిళుడు. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. పరాయి భాష మాట్లాడిన మనిషే మన సంఘాలను అన్నేళ్ళు పెంచారు. కాబట్టి హిందీ, ఒడియా, మిజో మాట్లాడేవారు వెనుక వరుసలో కూర్చుంటే వారిని చుట్టపుచూపుగా వచ్చినవారిలా చూడకండి. వాక్య పఠనాన్ని తెలుగు తర్వాత హిందీలోనూ చదివించండి. ప్రసంగ సారాన్ని నాలుగు వాక్యాల్లో హిందీలో రాసి ఫోనుకు పంపండి. నెలకు ఒక పాట వారి భాషలో వారినే పాడమనండి, మనం తాళం వేయవచ్చు. కూలీలకు ఆదివారం కూడా పని ఉంటుంది కాబట్టి రాత్రిపూట వారి బస దగ్గర చిన్న కూటం పెట్టడం మేలు, మేస్త్రీకీ స్థలం యజమానికీ ముందే చెప్పి వెళ్ళండి. కూలి ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయానికి తోడు వెళ్ళడం, ఆసుపత్రిలో వారి మాటను తెలుగులో చెప్పడం, ఇవన్నీ కూడా ఈ పనిలో భాగమే.

ఏడాది తర్వాత

నిలిచిపోయినవారికి పని ఇవ్వండి. మొదట చిన్నవి: పాటల పుస్తకాలు పంచడం, టీ పెట్టడం, గుమ్మం దగ్గర నిలబడడం. కొత్తదనం ఎలా ఉంటుందో ఇంకా మరచిపోనివారికంటే గుమ్మం దగ్గర నిలబడడానికి తగినవారు ఎవరు? పిల్లలతో చేసే పని మాత్రం ఎవరికైనా, పాతవారికైనా కొత్తవారికైనా, ఒంటరిగా అప్పగించవద్దు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవారు ఉండాలి.

తర్వాత సంఘ కమిటీ. ఎన్నికలు వచ్చినప్పుడు "మనవాళ్ళు" అన్న మాట ఎవరి గురించి వాడుతున్నామో వినండి. పదేళ్ళుగా వస్తున్న కుటుంబం ఇంకా ఆ మాట బయటే ఉంటే పేర్ల జాబితాను మళ్ళీ చూడండి.

పెళ్ళి సంబంధాల దగ్గరా, సమాధుల స్థలం దగ్గరా కూడా ఈ పరీక్ష ఎదురవుతుంది. కొత్తగా చేరిన కుటుంబంలో ఎవరైనా చనిపోతే ఎక్కడ సమాధి చేయాలో వారికి తెలియదు. బంధువులు ఊరి శ్మశానానికి రానివ్వకపోవచ్చు, సంఘం స్థలం పాత కుటుంబాల పేర్లతో పంచుకుని ఉండవచ్చు. చావు ఇంట నిలబడి ఈ చర్చ చేయకూడదు. ముందే కమిటీలో తీర్మానం చేసి, చేరిన ప్రతి కుటుంబానికీ స్థలం ఉంటుందని రాసి, ఆ కాగితం నకలును సభ్యత్వం ఇచ్చిన రోజునే వారి చేతికివ్వండి.